కుక్కలన్నీ వచ్చాయి

కాపురం మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నది ఇంతే: ఎనిమిది అడుగుల వెడల్పు తాళ్ళ కొట్టు, అందులో కొబ్బరి తాడు, నైలాన్ తాడు, పురికొస, సామాను మీద కప్పే టార్పాలిన్లు, ఇంట్లో పాట వచ్చిన భార్య, నాకు పాట రాని గొంతు. పాట కూడా నాది కాదు, ఆవిడతో పాటు ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. బళ్ళకు సెలవులిచ్చిన మొదటి సాయంత్రం వాళ్ళింట్లో అందరూ చాప పరుచుకుని కూర్చుని ఆ ఎనిమిది వరుసల పాట పాడతారు, ఎవరి వరుస వాళ్ళది, ఇంకొకరు ముట్టుకోకూడదు. పెళ్ళైన మొదటి ఏడు నన్నూ కూర్చోబెట్టి తాళం వేయమన్నారు. నాకు కొట్టుకు తాళం వేయడం తప్ప పాటకు తాళం వేయడం రాదు. రెండో వరుసకే మా బావమరిది నా చేయి పట్టుకుని ఆపి, "బావా, నువ్వు మనసులో వేసుకో, మాకు వినపడకపోయినా పర్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, బేరంలో మోసపోయినవాడు నవ్వే నవ్వు. ఆ తర్వాత మా ఇంట్లో మేం విడిగా పాడుకోవడం మొదలుపెట్టినా అదే లెక్క, ఆవిడ పాడేది, నేను గోడకు ఆనుకుని మనసులో తాళం వేసుకునేవాణ్ణి. అందరికీ వాటా ఉన్నచోట వాటా లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో వ్యాపారం చేసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కూర్చున్నది ఈ పాటల పోటీ హాల్లో, మూడో వరుసలో, ప్లాస్టిక్ కుర్చీలో, దాని వెనక కాలు పగిలితే ఎవరో నైలాన్ తాడుతో కట్టారు. నైలాన్ ముడి నున్నగా ఉంటుంది, జారుతుంది, జనపనార అయితే కరుచుకుని ఉండేది, అడిగితే నేనే చెప్పేవాణ్ణి, ఎవరూ అడగరు. సాయంత్రం నాలుగైంది. కొట్టు మూసి వచ్చాను. సెలవులకు ముందు ఆదివారం, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళంతా పెట్టెలు కట్టుకోవడానికి తాళ్ళ కోసం వచ్చే రోజు, అలాంటి రోజు కొట్టు మూసి, వేదిక మీద ఎవరి పిల్లో పాడుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఐదో పిల్ల పాడుతోంది. మా అమ్మడిది తొమ్మిదో నంబరు. ఇటు పక్క మా ఆవిడ, అటు పక్క చంటోడు, చంటోడంటే పదకొండేళ్ళవాడు, వాళ్ళమ్మ భుజం దాటాడు, పేరు మాత్రం అదే మిగిలింది. ఇద్దరి మధ్య నన్ను కూర్చోబెట్టడం ఊరికే కాదు. కాపలా. అటు ఇటు బరువు పెట్టి మధ్యలో టార్పాలిన్ ఎగరకుండా చూసుకుంటాం చూడండి, అలా. నేనేం చేస్తానని వీళ్ళ భయం? అరుస్తానని. కుక్కలాగా అరుస్తానని.

నవ్వొచ్చే మాటే. కానీ మొన్న భోజనాల దగ్గర నాకు నవ్వు రాలేదు. ఈ పాటల బృందంలో చేరాలంటే పదహారేళ్ళు నిండాలి, మా అమ్మడికి ఈ ఏడు నిండాయి. సెలవులు మొదలైన నాటి నుంచి పది రోజులు బృందం ఊరూరా తిరిగి పాడుతుంది, అందులో ఒక్కరే ముందు నిలబడి పాడతారు, మిగతావాళ్ళు వెనక వరుసలో అందుకుంటారు. ఆ ఒక్కరు తానే కావాలని మా అమ్మడు ఏడాదిగా పొద్దున్నే లేచి సాధన చేస్తోంది. పోటీకి షరతు ఒకటి, ప్రతివాళ్ళూ తమ ఇంట్లో పాడుకునే పాటే పాడాలి. అందుకని మా ఇంటి పాట. అన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నాన్నా, ఆదివారం నువ్వు వస్తావు కదా. అరవవు కదా?"

"నేనెందుకు అరుస్తానే?"

"అలవాటులో. ఇంకోటి, అది కుక్కలు కాదు నాన్నా. చుక్కలు. చుక్కలన్నీ వచ్చాయి."

"పదమూడేళ్ళుగా కుక్కలే కదా."

"పదమూడేళ్ళూ తప్పే."

"చుక్కలన్నీ వచ్చాయి, గుమ్మం ముందు కూర్చున్నాయి. చుక్కలెక్కడైనా గుమ్మం ముందు కూర్చుంటాయా? కూర్చునేవి కుక్కలే. పోయి మన కొట్టు ముందు చూడు."

"అది కవిత్వం నాన్నా."

"కవిత్వమైతే పైన ఆకాశంలో కూర్చోమను. గుమ్మానికి అడ్డం ఎందుకు?"

చంటోడు ముద్ద నోట్లో పెట్టుకునే, "అయితే నాన్న వాటా కూడా పోయినట్టే" అన్నాడు. వాళ్ళమ్మ వాడి నెత్తిన ఒకటి మొట్టింది, కానీ మొట్టడంలో కాదనడం లేదు. నాకు అన్నం సహించలేదు. చిన్న విషయమని నాకూ తెలుసు. చిన్న విషయాలకే ఎక్కువ మండుతుంది, పెద్దవాటికి మనిషి ముందే తయారుగా ఉంటాడు.

ఆరో పిల్ల వచ్చింది, సన్నగా ఉంది, గొంతు మాత్రం బిందెలో నీళ్ళు పోసినట్టు ఉంది, బాగానే పాడుతోంది, బాగా పాడకపోతే బాగుండు అనిపించి నాకే సిగ్గేసింది. ఆ పిల్ల తండ్రి ఎవరో ముందు వరుసలో మెడ చాచి పెదవులు కదుపుతున్నాడు, ఒక్కొక్క మాటా కూతురితో పాటు. ఆయనకు మాటలు వచ్చు. ఆయన్నెవరూ వద్దనలేదు. నాకు పాటలో ఒక్క మాట కూడా లేదు, ఉన్నది ఒక అరుపు, అదీ నేను అడిగి తీసుకున్నది కాదు. అప్పుడు అమ్మడికి మూడేళ్ళు. నా ఒళ్ళో కూర్చుని మొదటిసారి తన వరుస తాను పాడింది, వాళ్ళమ్మ చుక్కలని నేర్పితే దానికి కుక్కలని వినపడింది, దానికి తెలిసినవి అవే, మా కొట్టు ముందు పొద్దస్తమానం పడుకునేవి. కుక్కలన్నీ వచ్చాయి, అని గొంతెత్తి పాడగానే వచ్చిన చుట్టాలంతా పగలబడి నవ్వారు. పిల్ల పాట ఆపేసింది. కింది పెదవి బయటికొచ్చింది, వణికింది. ఇంకొక్క క్షణంలో ఏడుస్తుంది. బేరం చెడిపోయేటప్పుడు ఎదుటివాడి ముఖంలో కనిపిస్తుంది, అక్కడ ఆలోచిస్తూ కూర్చుంటే పోతుంది, వెంటనే ఏదో ఒకటి చేయాలి. నేను భౌ భౌ అన్నాను. గట్టిగా, రెండు సార్లు. అంటే అవి నిజంగా కుక్కలే, నువ్వు పాడింది సరైనదే, ఇదిగో వచ్చాయి చూడు అని. పిల్ల తల తిప్పి నా ముఖంలోకి చూసింది. పెదవి లోపలికి పోయింది. "మళ్ళీ" అంది. మళ్ళీ పాడింది, మళ్ళీ అరిచాను. ఆ రోజు పదకొండుసార్లు అరిచాను. మర్నాడు కొట్లో బేరాలకు గొంతు లేదు, సైగలతో అమ్మాను.

అలా నాకు వాటా వచ్చింది. అన్నేళ్ళ తర్వాత, తాళం కూడా దక్కని ఇంట్లో. ఆ ఏడు నుంచి ఆ వరుస కుక్కలదే. కుక్కలన్నీ వచ్చాయి, భౌ భౌ, గుమ్మం ముందు కూర్చున్నాయి. ఐదేళ్ళప్పుడు అమ్మడు కొట్లో తాళ్ళ చుట్ట మీద నిలబడి పాడితే వచ్చిన కొనుగోలుదారులు కూడా ఆగి నా అరుపు కోసం చూశారు. వాళ్ళమ్మకు జ్వరమొచ్చిన ఏడు ఆవిడ వరుసలు కూడా అమ్మడే పాడింది, మంచం పక్కన నేల మీద కూర్చుని మెల్లగా, నేనూ మెల్లగానే అరిచాను, జబ్బు మనిషి పక్కన కుక్క ఎలా అరవాలో అలా. చంటోడు కూర్చోవడం వచ్చిన ఏడు నా వెనకాలే కుయ్ కుయ్ మని అందుకున్నాడు, కుక్కకు పిల్ల పుట్టినట్టు, ఎంత మురిసిపోయానో చెప్పలేను, కొడుకు వ్యాపారం అందుకున్నా అంత మురవను. పై అంతస్తులో ఇంటి ఓనరు ఓసారి కిందికి దిగొచ్చి, "ఇంట్లో కుక్కను పెంచొద్దని ముందే చెప్పాను కదండీ" అన్నాడు. "పెంచట్లేదండీ, అదే మమ్మల్ని పెంచుతోంది" అంది మా ఆవిడ. అప్పుడు అందరం నవ్వాం, అమ్మడే ఎక్కువ నవ్వింది, గోడ పట్టుకుని నవ్వింది. అదెప్పుడు? తొమ్మిదేళ్ళప్పుడా, పదేళ్ళప్పుడా. ఆ తర్వాత నవ్వు తగ్గింది. ఎప్పుడు తగ్గిందో పట్టుకోలేకపోయాను. తడిసిన కొబ్బరి తాడు ఆరుతూ ఆరుతూ బరువు తగ్గుతుంది, రోజూ చూసేవాడికి తెలియదు, ఒకరోజు త్రాసులో వేస్తే తరుగు కనిపిస్తుంది. పిల్లలు పెరగడం కూడా అంతే, మనం పెరుగుతున్నారనుకుంటాం, ఇటు పక్క పోయేది లెక్కలోకి రాదు. పన్నెండో ఏట గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. పద్నాలుగో ఏట పాటలో తన వరుస పెదవులతోనే పాడింది, నేను ఎక్కడ అరవాలో తెలియక ఒక తాళం దెబ్బ ముందే అరిచాను. నిరుడు కుక్కలు అనే మాటను క కాదు చ కాదు అన్నట్టు మింగేసింది. నేను అరిచాను. చంటోడు కూడా అందుకోలేదు, వాడు కిటికీలోంచి ఎవరైనా వింటున్నారేమోనని చూస్తున్నాడు. ఇంట్లో ఒక్క కుక్క మిగిలింది.

కోపం ఎవరి మీద అంటే చెప్పలేను. అమ్మడి మీదా? పిల్ల సరిగ్గా పాడాలనుకోవడం తప్పా? ఏడో పిల్ల పాట మధ్యలో మరిచిపోయి దిగిపోయింది, వాళ్ళమ్మ వెనకాలే పరుగెత్తింది. ఫ్యాను ఒక చుట్టుకు ఒకసారి టక్ మంటోంది, పాటకూ దానికీ పొత్తు లేదు, నా తాళంలాగే. పాట నేర్పే టీచరమ్మ పక్కకు బల్ల వేసుకుని ఒక్కొక్కరికీ ఏదో రాస్తోంది, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. ఆవిడే చెప్పిందట అది చుక్కలని. చెప్పక ఏం చేస్తుంది, సరైన మాట అదే. సరైన మాటతో పేచీ పెట్టుకునేవాడు ఎక్కడైనా గెలిచాడా? అమ్మడు గెలవాలి. గెలిస్తే శుక్రవారం బృందంతో వెళ్ళిపోతుంది, వెనక వరుసలో చోటు దొరికినా వెళ్ళిపోతుంది, అంటే ఈ ఏడు సెలవుల మొదటి సాయంత్రం మా ఇంట్లో చాప పరిచే పని లేదు. గెలవకపోతే పిల్ల ముఖం నేను చూడలేను. ఎటు చూసినా నాకు పోయేదే కనిపిస్తోంది, ఇలాంటి బేరానికి నేను ఎప్పుడూ కూర్చోను, లేచి వెళ్ళిపోతాను, ఇక్కడ లేవడానికి లేదు. ఎనిమిదో పిల్ల మొదలుపెట్టింది. నా గొంతులో గరగర మొదలైంది. దగ్గు వస్తుందేమో. దగ్గు చిన్నదే, కానీ నా దగ్గు నాకు తెలుసు, రెండుసార్లు వస్తుంది. మా ఆవిడకు కూడా తెలుసు, సంచిలోంచి పిప్పరమెంటు తీసి నా అరచేతిలో పెట్టి చెవిలో అంది, "చప్పరించండి. మీరు దగ్గినా భౌ అన్నట్టే ఉంటుంది."

"ఊపిరైనా పీల్చుకోవచ్చా?"

"అమ్మడి పాట అయ్యాక పీల్చుకోండి."

తొమ్మిదో నంబరు. అమ్మడు వచ్చి నిలబడింది. వాళ్ళమ్మ పాత చీర కట్టుకుంది, పొద్దున నేను చూడలేదు, కొట్లో ఉన్నాను. ఎవరీ మనిషి అనిపించింది ఒక్క క్షణం. చేతులు వెనక్కి పెట్టుకుంది, బొటనవేలితో నేల తడుతోంది, తాళం, సరిగ్గా, టకటకా, నా రక్తమేనా అది. నేను దవడలు బిగించాను. పిప్పరమెంటు నాలుక కింద పెట్టుకున్నాను. ఒకటనుకున్నాను, కొంచెం, పెదవులు తెరవకుండా, లోపల్లోపల భౌ అనుకుంటే ఎవరికి నష్టం? వద్దు. మాటిచ్చాక మాటే. ఇన్నేళ్ళ వ్యాపారంలో మూర కొలతలో వేలెడు తగ్గించలేదు, ఇప్పుడు కూతురి దగ్గర తగ్గిస్తానా. హార్మోనియం ఆయన శ్రుతి పట్టాడు. మొదటి వరుస వచ్చింది, రెండోది వచ్చింది, గొంతు తేటగా ఉంది, ఇంట్లో తలుపు వెనక నుంచి ఏడాదిగా వినపడిన గొంతు ఇదా, తలుపు లేకపోతే ఇలా ఉంటుందా. చంటోడు నా మోచేయి పట్టుకున్నాడు. మా ఆవిడ నా మోకాలి మీద చేయి వేసింది. మూడో వరుస. చుక్కలన్నీ వచ్చాయి, అంది అమ్మడు. చు అని స్పష్టంగా, ముత్యం పెట్టినట్టు. నేను అరవలేదు. నోరు మూసుకుని ఉన్నాను, దవడలు నొప్పి పుట్టేంత గట్టిగా.

అమ్మడు ఆగింది.

రెండు తాళం దెబ్బల సేపు. హార్మోనియం తన దారిన తాను గుమ్మం దాకా వెళ్ళిపోయింది, పాట రాలేదు. హాలంతా ఖాళీగా ఉంది, ఫ్యాను టక్ మంది. అమ్మడు నన్ను చూడలేదు, ఎక్కడో వెనక గోడను చూస్తోంది, ముఖంలో ఏ తేడా లేదు, తాను ఆగినట్టు తనకే తెలియనట్టుంది. తర్వాత గుమ్మం ముందు కూర్చున్నాయి అని అందుకుంది, హార్మోనియం ఆయన కంగారుగా వెనక్కి వచ్చి కలిశాడు, అప్పుడు తెలిసింది పిల్లకు, చెవులు ఎర్రబడ్డాయి. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి ఏదో రాసింది. మిగతా ఐదు వరుసలూ అమ్మడు ఎంత బాగా పాడిందో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. చంటోడు నా వైపు వంగి, "నువ్వు అరవలేదు కదా నాన్నా?" అన్నాడు, నిజంగానే అనుమానంగా.

అరగంటకు పేర్లు చదివారు. ముందు నిలబడేది బిందె గొంతు పిల్ల. మా అమ్మడు వెనక వరుసలో, కుడి చివర. వెళ్తుంది, ముందు కాదు. పోయేది నాకు రెండు వైపులా పోయింది. మెట్ల దగ్గర టీచరమ్మ మమ్మల్ని ఆపింది. అమ్మడు పక్కన నిలబడి చెప్పు కొనతో మెట్టు అంచును తంతోంది.

"గొంతు బంగారమండీ మీ అమ్మాయిది. ఆ ఒక్కచోటే. ఆర్నెల్లుగా చెప్తున్నాను, అక్కడ ఖాళీ లేదమ్మా, గుక్క తిప్పుకోకుండా వెళ్ళిపోవాలి అని. మాట దిద్దుకుంది, ఖాళీ మాత్రం పోలేదు. అక్కడెందుకు ఆగుతుందో నాకు అంతుబట్టడం లేదు."

అమ్మడు చెప్పలేదు. అంటే ఆర్నెల్ల నుంచీ చెప్పలేదు. నోరు మూసుకుంటే పోయేది, మా ఆవిడ అప్పటికే నా చొక్కా వెనక నుంచి లాగుతోంది. కానీ తప్పు సరుకు పిల్ల నెత్తిన వేసి నేను మెట్లు దిగలేను.

"పిల్ల తప్పు కాదండీ. అక్కడ కుక్క అరుస్తుంది."

"ఏ కుక్క?"

"నేనేనండీ."

"నాన్నా!" అంది అమ్మడు. టీచరమ్మ నన్నూ, అమ్మణ్ణీ, మా ఆవిడనూ మార్చి మార్చి చూసింది. చంటోడు ఆగలేక మొత్తం చెప్పేశాడు, మూడేళ్ళ పిల్ల, కుక్కలు, ఇంటి ఓనరు, తన కుయ్ కుయ్ తో సహా. టీచరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తల పంకించి, "అదా సంగతి. సరే, ఈ పది రోజులూ నా దగ్గరే ఉంటుందిగా, తీసేస్తాను" అంది, ముల్లు తీసే ఆవిడలాగా.

వీధిలోకి దిగాం. నా కొట్టు వైపు నుంచి వచ్చే ఎవరి భుజానికో తాడు చుట్ట ఉంది, పక్క కొట్లో కొనుంటాడు, నాది మూసుంది కదా. అమ్మడు నాకంటే నాలుగు అడుగులు ముందు నడుస్తోంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కోపంగా. నేను వడివడిగా వెళ్ళి కలుసుకున్నాను.

"నేను నోరు విప్పలేదమ్మడూ. ఒట్టు."

"అదే నాన్నా నా బాధ" అంది, ఆగకుండానే. "అరవకపోయినా అరిచావు."

కళ్ళలో నీళ్ళున్నాయి, అవి దిగకుండా మింగేస్తోంది, మూడేళ్ళప్పుడు కింది పెదవితో చేసిన పని ఇప్పుడు గొంతుతో చేస్తోంది. ఏదైనా అనాలని ఉంది, ఆ రోజులాగా వెంటనే, కానీ ఆ రోజు చేసింది ఈ రోజు చెల్లదు, వీధి మధ్యలో పదహారేళ్ళ పిల్ల పక్కన భౌ అంటే ఇంక జన్మలో మాట్లాడదు. పక్కన నడిచాను, అంతే. కాసేపటికి తన సంచీ నా చేతికిచ్చింది, కోపం తగ్గి కాదు, చేయి నొప్పి పుట్టి.

సంచీ మోసుకుంటూ లెక్క చూసుకున్నాను. ఇచ్చింది, పదమూడేళ్ళు, ఏడాదికి రెండు అరుపులు, మొదటి ఏడు పదకొండుసార్లు. పోయింది, కుక్కలు, ముందు నిలబడే చోటు, అది పిల్లది, నా వల్ల పోయింది, అది నా ఖాతాలోనే రాసుకోవాలి, కొట్టెయ్యకూడదు, ఆపైన ఈ శుక్రవారం సాయంత్రం మా ఇంటి చాప. వచ్చింది, ఆమె పాటలో రెండు దెబ్బల ఖాళీ, అది నాదని ఇవాళ్టి దాకా ఎవరికీ తెలియదు, నాక్కూడా. టీచరమ్మ పది రోజుల్లో తీసేస్తానంది. తీసెయ్యాలి, పిల్లకు మంచిది, నేను అడ్డం చెప్పను. కానీ పదమూడేళ్ళుగా నిలవ ఉన్న సరుకు పది రోజుల్లో ఖాళీ కాదు. టీచరమ్మకు పాట తెలుసు, నాకు సరుకు తెలుసు.